కారణం అనే గడి

కొత్త పిస్తోలు పెట్టె తెరిస్తే
ముందు మొహాన కొట్టేది కంపెనీ గ్రీజు వాసన.
ఇంతా చేసి అరచేతిలో ఇమిడిపోయేంత వస్తువు.
ముప్ఫై ఏళ్లు త్రీనాట్‌త్రీలు విప్పి బిగించినవాడికి
సబ్బుపెట్టెలా కనిపిస్తుంది.

విజయనగరం దాటాక, జీడితోటల వెనక
గుట్ట కింద మా ఫైరింగ్ రేంజి.
ఎండ ఇంకా ఎర్రగానే ఉంది.
గొర్లె హైమ, కొత్త కానిస్టేబులు,
ఎనిమిది నింపుకుని నిలబడింది.
ఐదు వెళ్లాయి.
ఆరోది వెళ్లలేదు.
స్లైడు సగంలో ఆగింది.
తూటా మూతి కిందికి వంచి
బడికి పోనని గడప పట్టుకున్న గుంటడిలా
అక్కడే బిగుసుకుంది.

"ఏటైనాది?" గొడుగు కిందనుంచి ఆర్.ఐ. గారు.
"అడ్డుకున్నాది సార్."
"పిస్తోలు కాదమ్మా, నీ మణికట్టు.
గట్టిగా పట్టకపోతే ఏ బండైనా మొరాయిస్తాది."
వరసంతా నవ్వింది.
నేనూ నవ్వాను.
నవ్వుతూనే రిజిస్టరు తీసి
కారణం అనే గడిలో
పెన్సిలుతో రాశాను: మణికట్టు.

పూర్తిగా అబద్ధమూ కాదది.
చిన్న పిస్తోలు, తక్కువ బరువు, కొత్త స్ప్రింగు బిరుసు.
పట్టు జారితే స్లైడు పూర్తిగా వెనక్కి పోదు.
నాకు తెలుసు కాబట్టే
ఇంకేమీ చూడలేదు.

ఆ రాత్రి నుంచి బ్యారక్సు వరండాలో
నీళ్లు నింపిన రెండు లీటర్ల సీసా పట్టుకుని
చెయ్యి చాచి నిలబడేది హైమ.
దోమలు కుడుతున్నా దించేది కాదు.
నాలుగో రోజు మళ్లీ ఆరోది.
ఈసారి ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ బాధ.

మా అయ్య నెల్లిమర్ల మిల్లులో
మెషీనుకి జనపనార అందించేవాడు.
మెషీను ఆగిన ప్రతిసారీ
మేస్త్రీ అయ్య చేతుల వైపే చూసేవాడు.
అయ్య ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని అనేవాడు:
"తిననప్పుడు గొంతుకనే అనీకూడదు,
పెట్టిన సెయ్యినే అనీకూడదు,
కంచం కూడా ఓపాలి సూడాల్రా."

కంచం.
ఆ మాట నలభై ఏళ్లు ఆలస్యంగా చేరింది నాకు.

గ్రీజంతా తుడిచాను. పల్చగా నూనె రాశాను.
తూటా ఎక్కే వాలు మీద వేలు పెట్టి చూశాను, నున్నగా ఉంది.
వేరే పెట్టెలో తూటాలు మార్చాను.
ఇక మిగిలినవి రెండు మేగజైన్లు,
కవలల్లా, ఏది ఏదో తెలియనివి.
"అమ్మా, గోళ్ల రంగుందా నీ దగ్గిర?"
అనుమానంగా చూసి, ట్రంకులోంచి తెచ్చింది.
ఒకదాని అడుగున ఒక చుక్క,
రెండోదాని అడుగున రెండు.

ఒక చుక్కది హైమ చేతిలో ఎనిమిదీ కాల్చింది.
రెండు చుక్కలది ఆరో దగ్గర ఆగింది.
నేను పట్టుకున్నాను.
నా మణికట్టుకి ముప్ఫై ఏళ్ల సర్వీసుంది.
ఆరో దగ్గరే ఆగింది.

అడుగు తీసి విప్పితే
స్ప్రింగు తిరగేసి ఉంది.
ఎక్కడో ఏ ఫ్యాక్టరీలోనో
సాయంత్రం షిఫ్టులో ఎవరో
వెనకది ముందుకి పెట్టి మూసేశారు.
తూటాల కింద పలక ముందువైపు కుంగిపోతుంది,
తూటా మూతి కూడా దాంతోపాటే.
తిప్పి పెట్టడానికి
బీడీ ముట్టించేంత సేపు పట్టలేదు.

నలభై ఎనిమిది కాల్చింది హైమ, దానితోనే.
ఒక్కటీ ఆగలేదు.
తర్వాత ఇసకలో మోకాళ్ల మీద కూర్చుని
వేడి గుల్లలన్నీ ఏరి డబ్బాలో వేసింది.
లెక్క సరిపోయింది.
"మరి ఆ సీసాని ఏటి సెయ్యమంటారు సార్?" అంది,
నవ్వకుండా.

గదికొచ్చి రిజిస్టరు తెరిచాను.
రబ్బరుతో రుద్దాను.
అక్షరాలు పోయాయి.
కాగితం వాల్చి కిటికీ వెలుతురులో పెడితే
నొక్కి రాసిన గాడి
ఇంకా చదవడానికి వస్తోంది.
దాని మీదే పెన్నుతో
స్ప్రింగు అని రాశాను.